గుర్రం పాతదైనా దాణా కొత్త ధరకే

2021 మార్చిలో బీఎండబ్ల్యూ ఎం340ఐ మన మార్కెట్లోకి వచ్చినప్పుడు దాని షోరూమ్ ధర 62.90 లక్షల రూపాయలు. చెన్నై దగ్గరి కర్మాగారంలో బిగించిన కారు. ఆరు సిలిండర్ల 3 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజను, 387 అశ్వశక్తి, ఆగి ఉన్న చోటు నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 4.4 సెకన్లు. పన్నులు, బీమా కలుపుకుని రోడ్డెక్కేసరికి ఖర్చు ముప్పావు కోటికి చేరేది. ఈ కోవలోని కార్లు, అంటే ఆడి ఎస్5, మెర్సిడెస్ ఏఎంజీ సీ43, పోర్షే మకాన్ వంటివి, నాలుగైదేళ్లు తిరిగాక తొలి ఖర్చులో సగానికి దగ్గరపడి చేతులు మారుతుంటాయి. గిరాకీ ఉన్న మోడల్ కాస్త నిలదొక్కుకుంటుంది, లేనిది ఇంకా కిందికి పోతుంది. కొత్త ఎస్‌యూవీకి 40 లక్షలు పెట్టడానికి సిద్ధపడిన విజయవాడ, గుంటూరు కుటుంబాల్లో మాట పుట్టేది ఇక్కడే. అదే డబ్బుకు అంతకు రెట్టింపు ఖరీదైన స్పోర్ట్స్ కారు సెకండ్ హ్యాండ్‌లో వస్తుంటే ఎందుకు వదులుకోవాలి?

ఆ ఆశలో తప్పేమీ లేదు. ఈ కార్లు నిజంగానే గొప్ప యంత్రాలు. ఇంజను పలికే తీరు, మలుపులో నేలను పట్టుకునే తీరు, బ్రేకు మీద కాలు పెట్టగానే కలిగే భరోసా మామూలు కారులో దొరకవు. అయితే ధర సగమైందంటే ఏమి సగమైనట్టు? తెలుగులో దీనికి చక్కటి సామెత ఉంది: గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు. పడిపోయింది అమ్మకపు ధర మాత్రమే. టైరు, బ్రేకు డిస్కు, గేర్‌బాక్సు ఆయిలు, హెడ్‌లైటు, గంటకింత అని వేసే వర్క్‌షాపు కూలి ఇప్పటికీ ముప్పావు కోటి కారు ధరల్లోనే ఉంటాయి. విడిభాగం ధర నిర్ణయించేవారికి కారు ఎన్నో చేతికి వచ్చిందన్నది అక్కర్లేదు. 40 లక్షలకు కొన్నవారు 40 లక్షల కారు నడుపుతున్నామనుకుంటారు గానీ బిల్లులు మాత్రం 75 లక్షల కారుకు వస్తాయి. ఈ తేడాను ముందే ఒప్పుకున్నవారికి ఈ కొనుగోలు సంతోషాన్నిస్తుంది. ఒప్పుకోనివారికి మొదటి ఏడాదిలోనే అది భారమవుతుంది.

ధర ఇంత వేగంగా ఎందుకు పడుతుందో కూడా తెలియాలి. కంపెనీ వారంటీ ముగియబోతుండగానో, ముగిసిన వెంటనేనో తొలి యజమానులు చాలామంది కారును వదిలించుకుంటారు. కొత్త మోడల్ మోజు ఒక కారణమైతే, ఆ తర్వాత వచ్చే మరమ్మతులు తమ జేబు మీద పడకూడదన్న లెక్క రెండో కారణం. కొనేవారు తక్కువ, అమ్మేవారు ఎక్కువ కావడంతో ధర జారుతుంది. దీనికితోడు 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీ, సెస్సు కలిసి 48 నుంచి 50 శాతం దాకా ఉన్నది 40 శాతానికి దిగింది. కొత్త కారే చవకైనప్పుడు పాతదాని ధర కూడా ఆ మేరకు తగ్గాలి. పాత పన్ను కట్టి కొన్న యజమాని తనకు పడిన ధరను తలచుకుంటూ బేరం మొదలుపెడతాడు. కొనేవారు చూడవలసింది అదే మోడల్ ఇవాళ కొత్తగా ఎంతకు దొరుకుతుందన్నది.

ఇక దాణా సంగతి. ఇలాంటి కార్లలో చాలావాటికి ముందు చక్రాలకు ఒక వెడల్పు, వెనక చక్రాలకు మరో వెడల్పు టైర్లు ఉంటాయి. అందువల్ల ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్చి అరుగుదలను సమానం చేసే వెసులుబాటు ఉండదు. నాలుగూ మంచి కంపెనీవి మార్చాలంటే లక్ష నుంచి లక్షన్నర సిద్ధం చేసుకోవాలి. డిస్కులు, ప్యాడ్లు నాలుగు చక్రాలకూ మార్చే సమయం వస్తే అది కూడా లక్షల్లోని మాటే. గేర్‌బాక్సులో ఆయిలు జీవితాంతం మార్చక్కర్లేదని కార్ల కంపెనీలు చెబుతుంటాయి. బీఎండబ్ల్యూ సహా ఎన్నో కార్లకు ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ పెట్టెను తయారు చేసే జడ్‌ఎఫ్ కంపెనీ మాత్రం 80 వేల నుంచి 1.20 లక్షల కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. పెట్టెను చేసినవారి మాటే వినాలి. 70 వేలు తిరిగిన కారు కొంటే ఆ ఖర్చు కొత్త యజమానిదే.

కృష్ణా తీరపు ఎండ ఇంకో పద్దు. మే నెలలో విజయవాడలో 45 డిగ్రీలకు అటూ ఇటూ ఉండే మధ్యాహ్నాల్లో, బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ కోసం ఏసీ వేసుకుని ఆగిన టర్బో ఇంజను బానెట్ కింద ఎంత వేడి పేరుకుంటుందో ఊహించవచ్చు. ఆ వేడిని మోసేవి ఇంజనును చల్లబరిచే ద్రవం (కూలెంట్) ఉండే ప్లాస్టిక్ ట్యాంకు, రబ్బరు గొట్టాలు, కరెంటుతో నడిచే నీటి పంపు. ఇంజనులోని ఇనుము కంటే ముందు అలిసిపోయేవి ఇవే. చలిదేశంలో పదేళ్లు మన్నే రబ్బరు ఇక్కడ ముందే గట్టిపడి బీటలు వారుతుంది. బోల్టంత చిన్న ప్లాస్టిక్ భాగం చిట్లి కూలెంటు కారిపోతే, డ్రైవరు గమనించక నాలుగు కిలోమీటర్లు పోనిస్తే, ఇంజనుకే ముప్పు. స్ప్రింగులకు బదులు గాలి మీద నిలిచే ఎయిర్ సస్పెన్షన్ ఉన్న కార్లలో రబ్బరు గాలి తిత్తులది కూడా ఇదే కథ. రాత్రి నిలబెట్టిన కారు తెల్లారేసరికి ఒక మూల కిందికి కుంగి కనబడిందంటే గాలి ఎక్కడో కారుతోందని అర్థం.

పెట్రోలు విషయంలో ఒక మాట. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఇంధనం. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కార్లలో చాలావాటిని 10 శాతం మిశ్రమాన్ని దృష్టిలో పెట్టుకుని తయారు చేశారు. కొనబోయే కారు ఏ మిశ్రమానికి తగినదో ఇంధనం మూత లోపలి చీటీ, యజమాని పుస్తకం చెబుతాయి. ఇథనాల్‌లో శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కూడా కొంత తగ్గుతుంది.

అంకెల్లో చూస్తే విషయం తేటపడుతుంది. ఇది ఊహా లెక్క, కారును బట్టి మారుతుంది. 42 లక్షలకు కొన్న కారును మూడేళ్లు, ఏడాదికి 8 వేల కిలోమీటర్ల చొప్పున నడిపారనుకుందాం. మూడేళ్ల తర్వాత అది 28 లక్షలకు పోతే తరుగు 14 లక్షలు. ఆ డబ్బు బ్యాంకులో ఉంటే వచ్చే వడ్డీ సుమారు 8 లక్షలు. బీమా 4 లక్షలు, మామూలు సర్వీసులు 2 లక్షలు, టైర్లు, బ్రేకులు 3 లక్షలు. ఊళ్లో లీటరుకు 8 కిలోమీటర్లు ఇస్తే ఏడాదికి వెయ్యి లీటర్లు. లీటరు 110 రూపాయలనుకుంటే మూడేళ్లకు 3.30 లక్షలు. చెప్పకుండా వచ్చే పెద్ద మరమ్మతుకు 4 లక్షలు పక్కన పెట్టాలి. మొత్తం 38 లక్షలు దాటింది. నెలకు లక్ష పైచిలుకు, కిలోమీటరుకు 160 రూపాయలు. గుంటూరు నుంచి విజయవాడ వెళ్లి రావడానికి, 70 కిలోమీటర్లకు, 11 వేలు. ఈ అంకె చూశాక కూడా మనసు మారకపోతే అప్పుడు కారు వెతకడం మొదలుపెట్టవచ్చు. నెలవాయిదా కట్టగలమా లేదా అన్న ఒక్క ప్రశ్నతో నిర్ణయం తీసుకునేవారు ఈ లెక్కలో సగాన్ని చూడనట్టే.

కారు ఎక్కడ బాగు చేయించాలన్నది ఇక్కడ మరీ ముఖ్యం. విజయవాడ ఆటోనగర్ నైపుణ్యం మీద ఈ ప్రాంతానికి గర్వం ఉంది, ఉండాలి కూడా. లారీకి బాడీ కట్టడం, లేతు మీద భాగాన్ని మళ్లీ మలచడం, రేడియేటర్ అతకడం, పగిలిన ఛాసిస్‌ను నిలబెట్టడం వంటి పనుల్లో అక్కడి చేతులకు సాటి రావడం కష్టం. కానీ ఈ తరం జర్మన్ కారుకు చెయ్యి ఒక్కటే చాలదు. బ్యాటరీ మార్చినా ఆ సంగతి కంప్యూటర్‌కు నమోదు చేయవలసిన కార్లు ఇవి. కారులో ఒక్కో పనిని నడిపించే చిన్న కంప్యూటర్‌ను, అంటే కంట్రోల్ యూనిట్‌ను, కొత్తది పెడితే కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో దాన్ని కారుకు పరిచయం చేయాలి. ఆ పరికరాలు, ఆ శిక్షణ ఉన్న ప్రైవేటు గ్యారేజీలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. పెద్ద బ్రాండ్ల షోరూములు, వర్క్‌షాపులు ఇప్పుడు విజయవాడకూ వచ్చాయి, అన్ని బ్రాండ్లూ రాలేదు. కారు కొనకముందే ఆ వర్క్‌షాపుకు ఫోను చేసి ఈ మోడల్ స్పోర్ట్స్ రకానికి ఇంజను, గేర్‌బాక్సు పని ఇక్కడే చేస్తారా, హైదరాబాద్ పంపుతారా అని అడగాలి. హైదరాబాద్ అంటే 270 కిలోమీటర్ల పైమాట. కదలని కారును ఫ్లాట్‌బెడ్ లారీ మీద చేర్చడం, విడిభాగం వచ్చేదాకా వారాల తరబడి ఎదురుచూడటం, మధ్యలో ఒకటి రెండు ప్రయాణాలు అన్నీ ఖర్చులోకే వస్తాయి. వర్క్‌షాపు పొరుగునే ఉన్న బ్రాండ్‌ను ఎంచుకోవడం, ఇంకో కారు అశ్వశక్తి 50 ఎక్కువైనా సరే, ఈ రెండు ఊళ్లవారికి తెలివైన పని.

అన్నిటికంటే ఎక్కువ భయపడవలసింది నీటికి. 2024 సెప్టెంబరు 1 తెల్లవారేసరికి బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట నీళ్లలో ఉన్నాయి. అదే రోజుల్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం దిగువకు వెళ్లింది. రోజుల తరబడి నీటిలో నిలిచిన ఇళ్ల ముందు బైకులు, ఆటోలు, కార్లు కూడా అలాగే నిలిచిపోయాయి. బతుకుతెరువే మునిగిన కుటుంబాల కష్టం ముందు కార్ల ప్రస్తావన చిన్నదే. అయినా ఆ నీరు పాత కార్ల మార్కెట్లో ఇంకా ఆరలేదన్నది మాత్రం మరచిపోకూడదు. చెన్నైలో 2015 డిసెంబరులో, మళ్లీ 2023 డిసెంబరులో, హైదరాబాద్‌లో 2020 అక్టోబరులో వచ్చిన వరదలకు కూడా ఇది వర్తిస్తుంది. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ సాధారణంగా కారును పూర్తి నష్టంగా లెక్కగట్టి యజమానికి డబ్బు చెల్లిస్తుంది. మిగిలిన కారు వేలంలో ఎవరికో పోతుంది. అలా పోయినవన్నీ తుక్కు కావు. కొన్ని సీట్లు ఊడదీసి, కార్పెట్లు ఉతికి, మెరుగు పట్టించుకుని మరో ఊరిలో తేలతాయి.

మునిగిన కారు మొదటి ఆరు నెలలు బాగానే నడవవచ్చు. ఆ తర్వాత వైరింగ్ కనెక్టర్లలో పచ్చటి తుప్పు పెరిగి, ఒకనాడు సెన్సర్, ఇంకోనాడు కిటికీ అద్దం, మరోనాడు ఎయిర్‌బ్యాగ్ దీపం అంటూ వరుసగా మొదలవుతాయి. ఈ తరహా కార్లలో చాలావాటికి బ్యాటరీ, కొన్ని కంట్రోల్ యూనిట్లు డిక్కీ అడుగునా, సీట్ల కిందా ఉంటాయి. నీరు మొదట చేరేది అక్కడికే. అందుకే చూడటం కూడా అక్కడి నుంచే మొదలుపెట్టాలి. సీటు బెల్టును నెమ్మదిగా చివరిదాకా లాగాలి. రోజూ వాడే మూడడుగులు శుభ్రంగా ఉండి, చుట్టలో దాగిన చివరి జానెడు దగ్గర గోధుమరంగు చార అడ్డంగా కనిపిస్తే అదే నీటి మట్టం. బెల్టు చుట్టలో ఆరిన ఒండ్రును ఎంత ఉతికినా పూర్తిగా వదిలించడం కష్టం. బెల్టులే సరికొత్తగా ఉంటే వాటి చీటీ మీది తయారీ తేదీని కారు తేదీతో పోల్చాలి. తర్వాత ముందు సీటు వెనక్కి జరిపి, పట్టాలను నేలకు బిగించిన బోల్టుల చుట్టూ టార్చి వేసి చూడాలి. తుప్పు, సన్నటి మట్టి, స్పానరు పడి రంగు లేచిన బోల్టు తల, ఈ మూడింటిలో ఏది కనిపించినా అక్కడితో ఆపేయడం మేలు. స్టెప్నీ గుంతలో వేలు రుద్ది చూడాలి. కారు తలుపు తీయగానే అత్తరు ఘాటుగా కొడితే ఏ వాసనను కప్పడానికో ఆలోచించాలి. వరద కారుకు తగ్గింపు ధర అంటూ ఉండదు, ఎంతకిచ్చినా అది నష్టమే.

బయటి రాష్ట్రాల కార్లు తరచుగా చవకగా కనిపిస్తాయి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ కార్లు, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ కార్లు తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2014, 2015లలో ఆదేశించింది, సుప్రీంకోర్టు 2018లో దాన్ని సమర్థించి, 2025లో కొంత సడలించింది. ఆ నిషేధం వచ్చినప్పటి నుంచి గడువు దగ్గరపడిన కార్లు దక్షిణాదికి దారి పట్టాయి. బెంగళూరు, ముంబై కార్లు కూడా వస్తుంటాయి. అక్కడి నుంచి తెచ్చుకోవడం నేరమేమీ కాదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం కారును మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. పాత రవాణా కార్యాలయం నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, అంటే ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ జీవిత పన్ను కట్టాలి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మన రాష్ట్రంలో 20 లక్షలు దాటిన కొత్త కారుకు జీవిత పన్ను 18 శాతం. పాత కారుకు వయసును బట్టి శాతం తగ్గుతుంది గానీ, లెక్క తొలి ఇన్‌వాయిస్ ధర మీద వేస్తారు, మీరు కొన్న ధర మీద కాదు. అక్కడ కట్టిన పన్నులో మిగిలిన కాలానికి వాపసు అడగవచ్చు, దానికి ఓపిక కావాలి. ఇవన్నీ కలుపుకుంటే బెంగళూరులో 5 లక్షలు తక్కువకు దొరికిన కారు, ఇంటికి చేరి నంబరు మారేసరికి ఇక్కడి కారుకంటే ఎక్కువ పడవచ్చు. ఏపీ 39 నంబరుతో, 2019 తర్వాత ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగిన కారుకు నాలుగు రాళ్లు ఎక్కువ ఇవ్వడంలో నష్టం లేదు. నంబరు ఫ్యాన్సీదైతే ఇంకో రెండు లక్షలు అడిగే అమ్మకందారు ఉంటాడు. నంబరు ముచ్చట వేరు, కారు విలువ వేరు.

కాగితాల సంగతి క్లుప్తంగా. వాహన్ పోర్టల్‌లో ఎన్నో యజమాని, అప్పు తాకట్టు ఉందా, బ్లాక్‌లిస్టులో ఉందా అన్నవి కనిపిస్తాయి. అప్పు తీరినా ఆర్సీ మీద బ్యాంకు పేరు కొట్టేయించని కార్లు ఉంటాయి కాబట్టి తాకట్టు తొలగింపు పత్రమైన ఫారం 35, బ్యాంకు లేఖ చేతికి వచ్చాకే మిగతా డబ్బు. అమ్మేవారు సగం నగదు అడిగితే ఒప్పుకోకూడదు. 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడుతుంది. యాజమాన్యం మారిన 14 రోజుల్లో బీమాను కూడా పేరు మార్పించాలి. పాత యజమాని నో క్లెయిమ్ బోనస్, అంటే బీమా సొమ్ము అడగనందుకు ప్రీమియంలో దొరికే తగ్గింపు, ఆయనతోనే వెళ్లిపోతుంది, కాబట్టి ఆయన కట్టిన ప్రీమియం చూసి మీ ప్రీమియం అంచనా వేయకూడదు. ఇంజన్ రక్షణ పాలసీ విడిగా తీసుకోవాలి. వాన పడితే గుంటూరు మూడు వంతెనల దగ్గర ఎంత నీరు నిలుస్తుందో ఆ ఊరివారికి తెలుసు. గాలి పీల్చే గొట్టం కిందుగా ఉన్న కారు ఆ నీటిలోకి దిగి ఇంజను నీరు మింగితే, మామూలు పాలసీ ఆ నష్టాన్ని సాధారణంగా భరించదు.

ఇంతకీ ఈ కారును ఎక్కడ నడుపుతారు? మంగళగిరి మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి చక్కటి రోడ్డు. అక్కడ అనుమతించే గరిష్ఠ వేగాన్ని ఈ కారు ఐదు సెకన్లలోపే అందుకుంటుంది. ఆ తర్వాత దాని శక్తిలో మిగిలినదంతా వాడకుండా మోసుకుతిరగవలసిందే. వాడాలని చూస్తే ఎదురుగా అడ్డదారిన వచ్చే ట్రాక్టరు, హెల్మెట్ లేని కుర్రవాడు, రోడ్డు దాటే ముసలమ్మ ఉంటారు. ఆ రోడ్డు వారిది కూడా. బ్రాడీపేట లైన్లలో, అడ్డరోడ్లలో వేగం ప్రస్తావనే రాదు. అక్కడ కావలసింది ఎత్తైన స్పీడ్ బ్రేకరుకు అడుగు తగలని కారు. మొగల్రాజపురం అపార్టుమెంటు సెల్లార్ ర్యాంపు దిగేటప్పుడు ముందు బంపరు నేలకు గీసుకుంటుందో లేదో కొనకముందే, అదే కారును తెచ్చి దించి చూడాలి. ఇంట్లో పెద్దవారుంటే వారిని కూర్చోబెట్టి లేపి చూడాలి. మోకాళ్ల నొప్పులున్నవారికి కిందుగా ఉన్న సీటులోంచి లేవడం రోజూ ఒక శ్రమ.

అందుకే ఈ కారు ఎవరికి తగునో చెప్పడం కష్టమేమీ కాదు. ఇంట్లో రోజువారీ పనులకు ఇంకో కారు ఉండాలి. కారు ధరలో పదో వంతు మరమ్మతుల కోసం ముట్టుకోకుండా పక్కన పెట్టగలగాలి. కొనే డబ్బు అప్పు తెచ్చినది కాకూడదు. నడపడంలో నిజమైన ఇష్టం ఉండాలి. అలాంటివారు మూడు నుంచి ఐదేళ్ల వయసు, ఒకే యజమాని, కంపెనీ వర్క్‌షాపులోనే పూర్తి సర్వీసు, వారంటీ పొడిగించే అవకాశం ఉన్న కారును ఎంచుకుంటే దాని తొలి యజమాని కంటే వారికే ఎక్కువ లాభం, ఎందుకంటే పెద్ద తరుగును ఆయన భరించేశారు. మిర్చి ధర బాగా పలికిన ఏడాదో, స్థలం అమ్మిన నెలలోనో వచ్చిన డబ్బంతా పెట్టి, ఏకైక కుటుంబ వాహనంగా, ఎనిమిదేళ్ల పాత స్పోర్ట్స్ సెడాన్ కొనడం మాత్రం వద్దు. ఆ డబ్బుకు కొత్త మధ్యరకం కారు తీసుకుంటే ఇంటిల్లిపాదీ నిశ్చింతగా తిరుగుతారు.

తగినదే అనుకున్న కారు దొరికితే దాన్ని ఉదయం ఆరింటికి చూడటానికి వెళ్లాలి, ఎండెక్కాక కాదు. ముందు రోజే ఫోనులో, మేము వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని గట్టిగా చెప్పాలి. వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టాలి. చల్లగా ఉంటే అప్పుడు స్టార్ట్ చేయించి, సైలెన్సర్ దగ్గర నీలి పొగ వస్తుందా, మొదటి క్షణాల్లో ఇంజను లోపలి గొలుసు (టైమింగ్ చైన్) గలగల వినిపిస్తుందా చూడాలి. పెయింటు మందం కొలిచే చిన్న మీటరు వెంట ఉంటే, కంపెనీ రంగు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు చూపిస్తుంది. ఏ తలుపు దగ్గరైనా 300 దాటితే కింద పాత దెబ్బను పూడ్చిన పుట్టీ ఉండవచ్చు. మీటరు మీది కిలోమీటర్లను ఛాసిస్ నంబరు మీద వర్క్‌షాపులో నమోదైన సర్వీసు చరిత్రతో పోల్చాలి. స్కానరు పెట్టి కంప్యూటర్‌లో దాగిన లోపాలు, శక్తి పెంచడానికి ఎవరైనా ట్యూనింగ్ చేయించి తీసేసిన ఆనవాళ్లు వెతికించాలి. కంపెనీ వర్క్‌షాపులో పూర్తి తనిఖీకి అయ్యే ఖర్చును కొనేవారే పెట్టుకోవాలి. దానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే ఇంటికి తిరిగి రావచ్చు.

చివరగా టైరు పక్కన వంగి, డాట్ అన్న అక్షరాల వరుస చివర ఉన్న నాలుగు అంకెలు చదవాలి. 2321 అని ఉంటే అది 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైన టైరు. గాడులు ఎంత లోతుగా ఉన్నా, ఐదేళ్ల ఎండకు గట్టిపడిన ఆ రబ్బరు 387 గుర్రాలను తడి రోడ్డు మీద ఆపలేదు. నాలుగు టైర్ల ధర అక్కడికక్కడే కాగితం మీద రాసి, బేరంలో ముందుగా తీసేయవలసింది ఆ మొత్తాన్నే.